జమ్మలమడుగు డేరాలో మేనత్త అడిగిన రీలు

నిన్న మనవరాలి ఫోనులో ఒక భయం సినిమా చూశాను. దయ్యం లేదు, రక్తం లేదు. భర్తే వస్తువులు దాచి, భార్యకు పిచ్చని మెల్లమెల్లగా అందరినీ నమ్మిస్తాడు. వెంటనే జమ్మలమడుగు టూరింగ్ టాకీసు గుర్తొచ్చింది. అప్పటికి రాష్ట్రం కొత్తది, డేరా మాత్రం పాతది. నా ఈడువాళ్లారా, ఆ పెన్నా ఇసుకలో బీడీల వాసన, శనక్కాయల పొట్టు గుర్తున్నాయా?

అక్కడా ఇలాంటి కథే ఆడింది. చివరికి భార్యను పిచ్చాసుపత్రిలో వేసి తలుపు మూశారు. తెరమీద 'శుభం' అని కూడా వేశారు! మగవాళ్లు లేచారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న మా మేనత్త లేవలేదు.

"ఆయమ్మను బయటికి తెచ్చే రీలు యాడ దాచినావప్పా?"

ఆపరేటరు ఖాళీ డబ్బా చూపించాడు. "అయిపోయిందమ్మా. సినిమా అంతే."

"నువ్వు గూడా ఆ మొగునితో కలిసినావా ఏంది?"

లేవబోయిన ఆడవాళ్లందరూ మళ్లీ కూర్చున్నారు. బయట రెండో ఆటకు జనం గోల చేస్తున్నారు.

"పోనీ, మొదటి రీలు మళ్లీ వెయ్యి. అందులో ఆయమ్మకింకా పెండ్లి కాలేదు."

ఆపరేటరు గతిలేక వేశాడు. తెరమీద ఆ పిల్ల ఉయ్యాలలో ఊగుతూ పకపకా నవ్వింది.

"ఆడికి ఆపప్పా," అని అత్త చీరకంటిన ఇసుక దులుపుకుని లేచింది. "ఇప్పుడు అయిపోయింది సినిమా."