మానేరు ఒడ్డున పెట్టిన విస్తరి

మా ఇంటి జనన మరణాలను తేదీలతో రాసిపెట్టడం నా అలవాటు. వాటిలో కుక్కలవి కూడా ఉన్నాయని బంధువులు నవ్వుతారు. ఆదిలాబాద్‌లో మా నాయన, బాపు, జిన్నింగ్ మిల్లులో పనిచేసిన రోజుల్లో, పత్తి బోరాల మధ్య నా వీపుకు వీపు ఆనించి పడుకున్న ఎర్ర కుక్క నుంచి ఇప్పటి నల్ల కుక్క దాకా, నాతో బతికిన వాటిని తోబుట్టువుల వరుసలోనే రాశాను. అందులో తప్పేమిటో ఇంతవరకు ఒక్కరూ నాకు నచ్చజెప్పలేదు.

నా భార్య పోయిన మూడో నాడు, కరీంనగర్‌లో మానేరు ఒడ్డున పిట్టకు పెట్టాము. ఆమెకు ఇష్టమైన సర్వపిండి, చేపల పులుసు, అన్నం విస్తట్లో వడ్డించి అందరం దూరంగా నిలబడ్డాము. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తి పడినట్టు. ఆ తర్వాతే ఇంటివాళ్లు తినాలి. కాకులు తుమ్మచెట్టు దిగలేదు. ఎండ ముదిరింది.

"అక్కకు ఏదో మనాది ఉన్నది బావా," అన్నాడు బామ్మర్ది. ఆ దిగులు తీరాలని, ఆచారం ప్రకారం, విస్తరి వైపు చేతులు జోడించి మాట ఇచ్చాడు. "బావను మంచిగ అర్సుకుంటం అక్కా, ఫికర్ చెయ్యకు!"

మా వదిన ఊరుకోలేదు. "మొన్నటిదాక ఫోన్ గూడ చెయ్యనోనివి, నీ మాట నమ్మి వస్తదా?"

అంతలో నల్ల కుక్క వచ్చింది. నా భార్య చేతి ముద్ద తప్ప ఎరగని కుక్క అది. ఆ మూడు రోజులు ఇంటినిండా మనుషులున్నా దానికి పిడికెడు మెతుకులు పెట్టినవారు లేరు. నేరుగా విస్తరి దగ్గరికి పోయి, వాసన చూసి, తినసాగింది.

"హే! గెదుముండ్రి దాన్ని!" బామ్మర్ది మట్టిపెళ్ల విసిరాడు. డొక్కలో తగిలి కుక్క కుయ్యోమంటూ తుప్పల్లోకి పోయింది.

రెండో పెళ్ల ఎత్తిన అతని చెయ్యి పట్టుకున్నాను. "ముట్టింది. ఇగ పోయి తిందాం పా."

"కుక్క ముడితే ముట్టినట్టా బావా? నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవ్."

"మరి కాకి రాకుంటే ఏం జేస్తరు?"

"ఆవుకు పెడ్తం."

"ఆవు ముట్టచ్చు గని కుక్క ముట్టద్దా? మీ అక్క సాదింది ఆవునా, కుక్కనా?"

ఇంకో విస్తరి వడ్డించి ఆవు దగ్గరికే పట్టుకుపోయారు. అన్ని ప్రాణుల్లో ఉన్నది ఒకే ఆత్మ అని పురాణం చెప్పేచోట తలలూపినవాళ్లే వీళ్లంతా. ఆమెను సాగనంపే హక్కు ఆమె ముఖమే ఎరగని ఆవుకు ఉండి, ఆమె గడప కాచిన కుక్కకు ఎందుకు లేకుండా పోయింది? అడిగాను. ఆ ప్రశ్నతోనే రాకపోకలు తెగిపోయాయి.

సంవత్సరీకానికి ముందు బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, ఈసారన్న కుక్కను కట్టేసి రా." నేను ఎవరినీ పిలవలేదు. నాకు వచ్చినట్టు వండుకుని, కుక్కను వెంటబెట్టుకుని, ఒక్కడినే మానేరుకు పోయాను. విస్తరి పెట్టి పక్కకు జరిగాను. కుక్క దాని దాకా పోయి ఆగింది. మట్టిపెళ్ల ఉందేమోనని నా చేతుల వైపు చూసింది. "తిను బిడ్డా" అన్నా కదలలేదు.

పోయినవారికి పెట్టింది బతికినవారు నోట పెట్టరాదంటారు. నేను ఇసుకలో కూర్చుని ఆ విస్తట్లోంచి ఒక ముద్ద తిన్నాను. ఉప్పు తక్కువైంది. అప్పుడు గాని అది మూతి పెట్టలేదు.