నాలుగో మూలకు పూసిన గమ్ము

ఈ శ్రావణమాసంలో రెండో గురువారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, కుప్పంలో మా అక్క ఇంట్లో మా అమ్మ చీర చినిగింది. చింపింది నేనే. టైము ఇంత ఖచ్చితంగా ఎట్లా తెలుసంటే, అక్క మొహం చూడలేక గోడ వైపు తిరిగాను. గోడకు గడియారం ఉంది. అంతే.

మాది పుంగనూరు. నలభై ఏండ్లుగా బొంతలు కుడుతున్నాను. పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, సూదితో సన్నగా కుట్టుకుంటూ పోవడమే పని. ఇందులో గొప్పేమీ లేదు, నడుము నొప్పి మాత్రం ఉంది. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. రాయడం నేర్చుకున్నాను గానీ, మాట దాచిపెట్టి రాయడం ఇంకా చేతకాలేదు.

మా వైపు బొంతకు నలుగురు కూర్చుంటారు. మూలకొకరు. మోకాలితో గుడ్డను అదిమిపెట్టి, కుట్టుకుంటూ నడిమికి వస్తారు. ఒకరు లేచిపోతే లోపలి గుడ్డ ముడుచుకుపోతుంది. పోయిన తల్లి చీరలతో కుట్టే బొంతకైతే ముందు కూతుళ్ళు కూర్చోవాలి, మిగిలిన మూలలకే కోడళ్ళయినా ఇరుగుపొరుగైనా. ఎందుకని నన్నడగొద్దు. మా అమ్మ వాళ్ళమ్మకు అట్లాగే చేసింది. ఆ రోజు పక్కన కూర్చుని సూదులకు దారం ఎక్కించి ఇచ్చింది నేనూ అక్కా.

అమ్మ నా ఇంట్లోనే పోయింది. ఆరేండ్లయింది. ఆమె వదిలిపోయింది ఒక పెట్టె, అందులో ఏడు చీరలు. పదకొండో రోజు అక్క ఆ పెట్టె దగ్గరికి రాగానే, వచ్చినవాళ్ళందరి ముందూ అన్నాను.

"అమ్మ మంచాన పడినన్నాళ్ళు నీకు బస్సు దొరకలా. సీరలకు మాత్రం బాగా దొరికిందే!"

అక్క పెట్టె మీది చెయ్యి తీసేసింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆమె ఎందుకు రాలేకపోయిందో నాకు తెలుసు. అప్పుడు మా బావ కూడా మంచంలోనే ఉన్నాడు, ఆయనకు అన్నీ ఆమే చెయ్యాలి. తెలియక అనలేదు, తెలిసే అన్నాను. ఆ తర్వాత ఆరేండ్లు మా మధ్య మాటల్లేవు.

ఈ వేసవిలో అక్క జారిపడింది. తుంటి విరిగి ఆపరేషన్ అయింది. వాళ్ళ కోడలు ఫోన్ చేసింది.

"సిన్నత్తా, మా అత్త ఒకటే మాట అంటాండాది. అవ్వ సీరలు ఎత్తుకొని రమ్మంటాండాది. ఈడనే పరిస్తే తానూ ఒక మూల కుడతాదంట. కూచునేదానికి అయితాది, లేసేదే కష్టం."

చీరలు ఇమ్మని అడగలేదు అక్క. ఒక మూల అడిగింది. అంటే రాజీకి వచ్చినట్టే. అది అర్థం కానంత మూర్ఖురాల్ని కాదు. కానీ ఆమె ఎదురుగా రోజంతా తల వంచుకుని కూర్చోవాలే, ఆ మధ్యలో ఆ పదకొండో రోజు మాట ఎత్తితే ఏం చెప్పాలి? అందుకే ఇంటి దగ్గరే కుట్టేసి, తీసుకుపోయి చేతిలో పెట్టి వచ్చేద్దామనుకున్నాను. ఇచ్చినట్టూ ఉంటుంది, తగ్గినట్టూ ఉండదు.

దానికి నా కోడలి సామాన్లు పనికొచ్చాయి. అది ఫోన్లో చూసి ఏవేవో తెప్పిస్తుంది. కజ్జికాయల అంచు కోసే చక్రం లాంటి కత్తి ఒకటి, ఆరు మడతలైనా ఒక్క గీతకు తెగుతాయి. మసక కళ్ళకు సూదిలో దారం ఎక్కించే చిన్న మిషను. అంచులు పట్టుకునే క్లిప్పులు. కుట్లు విప్పే కొక్కెం కత్తి. వీటిని తిట్టడానికి ఈ కథ రాయడం లేదు. నా చిన్నప్పుడు ఇవి ఉండి ఉంటే నా వేళ్ళు ఇట్లా ఉండేవి కావు. ఇవికాక స్ప్రే గమ్ము ఒకటి ఉంది. చీరల మధ్య కొడితే కుట్టేదాకా జరగవు, తర్వాత ఉతికితే పోతుంది.

"నలుగురు యాల అత్తా? నువ్వు, నేను, ఎదురింటామె. మూడు మూలలకు ముగ్గురం. నాలుగో మూలకు ఇది," అని కోడలు డబ్బా ఊపి చూపించింది.

"ఇదైతే కాపీ నీళ్ళు కూడా అడగదులే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

చీరలు జరగకుండా అన్ని వైపులా కొట్టుకుంటూ వచ్చాం, మూడు మూలలయ్యేసరికి స్ప్రే అయిపోయింది. మళ్ళీ తెప్పిస్తే వారం పడుతుందని కోడలు అంది. నేను ఆగలేదు. దారం కోసం ఎట్లాగూ మదనపల్లె పోవాలి, అక్కడ ఒక అంగట్లో గుడ్డకు గమ్ము కావాలని అడిగాను.

"ఇది గుడ్డకు, తోలుకు, సెక్కకు, అన్నిటికీ పట్టుకుంటాదమ్మా," అన్నాడు అంగడాయన.

డబ్బా మీద తెలుగులోనే రాసి ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకే చదివాను, ఒకసారి అతికితే ఎప్పటికీ ఊడదు అని.

"బాగా సదవతాండావే!" అన్నాడాయన. ఆ మాటకు ఉబ్బిపోయాను. ఉతికితే పోతుందా అని అడగాల్సింది, అడగలేదు. ఊడకపోవడం మంచి గుణమే కదా అనుకున్నాను.

కోడలు మాత్రం డబ్బా తిప్పి చూసి, "ఇది వేరే రకం మాదిరి ఉండాదత్తా," అంది.

"సదివే తెచ్చినా, పో," అన్నాను.

నాలుగో మూలలో సూది దిగడం కష్టమైంది. గమ్ము పట్టుకునే ఉంది కదా అని, దూరం దూరంగా నాలుగు కుట్లు వేసి వదిలేశాను. నలభై ఏండ్లలో అట్లాంటి కుట్టు నేనెప్పుడూ వేయలేదు.

ఆ గురువారం కోడల్ని వెంటబెట్టుకుని బస్సుల్లో కుప్పం పోయాను. అక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జాకెట్టు అంచుకు సూది గుచ్చి ఉంది, దారం ఎక్కించిన సూది. పొద్దున లేచినప్పటి నుంచీ అట్లాగే పెట్టుకుందని వాళ్ళ కోడలు చెప్పింది. కుట్టడం అయిపోయిందని నేను ఫోన్లో చెప్పలేదు. వస్తున్నానని మాత్రమే చెప్పాను.

సంచిలోంచి బొంత తీసి ఆమె ఒడిలో పెట్టాను. అక్క దాన్ని చూసింది, జాకెట్టుకున్న సూదిని ఒకసారి తడుముకుంది.  ఒక్కో చీరనూ వేలితో గుర్తుపడుతూ పోయింది. నాలుగో మూల దగ్గర చెయ్యి ఆగింది.

"ఈడ యాల అట్టమాదిరి ఉండాది?"

"గమ్ము పూసినా."

"ఎవురు కూచున్యారు ఈ మూల?"

"ఎవురూ లేరు."

అక్క నవ్వింది. "నా మూలలో గమ్మును కూచోబెట్టినావా అమ్మీ? మంచిదే. అది నీకు ఎదురు మాట్లాడదు."

నేను తల దించుకున్నాను. అక్క గొంతు తగ్గించి అంది. "సర్లే. ఈ మూల విప్పు. నేనే కుట్టుకుంటా. ఒక గంట పని. నువ్వు ఆ పక్క కూచో."

ఆరేండ్లకు అక్క నన్ను కూర్చోమంది. గబగబా సంచిలోంచి కొక్కెం కత్తి తీసి నాలుగు కుట్లూ తెంచాను. చీరలు విడిపోలేదు. గోటితో లేపి చూశాను. వాళ్ళ కోడలు వేడినీళ్ళు తెచ్చింది, నా కోడలు గుడ్డతో తడిపింది. గట్టిగా ఎండిన బంక అట్లాగే ఉంది.

"బలంగా లాగొద్దత్తా," అని నా కోడలు అంటూనే ఉంది. లాగాను. మూరెడు మేర చినిగింది. చుక్కల చీర. పెళ్ళికి ముందు అక్క మదనపల్లెలో పట్టుదారం తీసే పనికి పోయి, తొలి కూలితో అమ్మకు తెచ్చిన చీర అది.

అప్పుడే గడియారం చూశాను.

తిరిగి చూసేసరికి అక్క జాకెట్టు నుంచి సూది తీసి, దారం లాగేసి, వేలికి చుట్టి దిండు కింద పెడుతోంది.

"మడిసి ఎత్తుకొని పో," అంది.

"అతుకు ఏస్తానక్కా. కప్పుకుందువు గానీ..."

"కప్పుకునేదానికి లేకనా నిన్ను అడిగింది?"

 బొంత మళ్ళీ పుంగనూరు వచ్చింది. ఇంట్లో ఉతికాను. మూడు మూలలు మెత్తబడ్డాయి, స్ప్రే మంచిదే. నాలుగో మూల ఇప్పటికీ అట్టలాగే ఉంది. డబ్బా మీద రాసింది అబద్ధం కాదు. ఫోన్ చేస్తే వాళ్ళ కోడలు ఎత్తుతుంది, అత్త పడుకుంది అంటుంది. ఏ వేళకు చేసినా పడుకునే ఉంటుంది.

ఆ దినం ఆ గదిలో ఉన్నవాళ్ళు: మా అక్క, అక్క కోడలు, నా కోడలు, నేను. నలుగురం.