ఎత్తి చూసి కొన్న మిషను

వీరవేణి కుట్టిన జాకెట్టు ఒకసారి వేసుకున్నాక ఆ గోదావరి లంకలో ఏ ఆడమనిషీ మరో టైలరు ముఖం చూడలేదు. ఆమె అంత పనిమంతురాలు. పట్టుదల మనిషి కూడా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. అలాంటి మనిషికి కిందటేటి వరద పెద్ద దెబ్బే కొట్టింది. మొగుడు గొడ్లను తోలుకుని గట్టు మీదికి పోయాడు. అత్త సంపూర్ణమ్మ తునిలో కూతురింట ఉంది. బియ్యం, బట్టలు ఒక్కతే అటక మీదికి చేర్చింది గానీ, బరువైన తొక్కుడు మిషను మాత్రం ఆమె వల్ల కాలేదు. అది కళ్లెదుటే మునిగిపోయింది.

అందుకే కొత్త మిషనుకి ఒకటే షరతు పెట్టుకుంది: తానొక్కతే దాన్ని అటక మీద పెట్టగలగాలి.

అత్తను వెంటబెట్టుకుని రావులపాలెంలో హరిబాబు కొట్టుకి వెళ్లింది. హరిబాబు ఎంబ్రాయిడరీ మిషను స్విచ్చి నొక్కాడు. సూది అటూ ఇటూ గెంతుతూ గుడ్డ మీద మల్లెతీగ అల్లేసింది. వీరవేణికి కాలు నిలవలేదు.

"అత్తయ్యా, చూశారా! ఆకులు కూడా వేసేస్తోందండి!"

"పువ్వులు బానే ఉన్నాయే. మోయగలవా?" అంది సంపూర్ణమ్మ.

వీరవేణి కొంగు బిగించింది. "ఆ వైరు తీసెయ్యండి. ఎత్తి చూస్తాను."

"ఎత్తడమేంటండీ! ఎవరైనా కుట్టి చూస్తారు గానీ!" హరిబాబు కంగారుపడ్డాడు.

అప్పటికే మిషను ఆమె గుండెల దాకా లేచింది. అంతే, అక్కడే ఆగిపోయింది. మోచేతులు వణికితే దించేసింది. పక్కనున్న చిన్న మిషనునైతే అవలీలగా తల మీదికెత్తింది. కానీ అది తిన్నగా కుట్టడమే తప్ప పువ్వు వేయదు. "ఇదే ఇవ్వండి" అంటున్నప్పుడు ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

సంపూర్ణమ్మ చేతిసంచీ కింద పెట్టింది. పెద్ద మిషనుకి అవతలివైపు నిలబడి, "ఊఁ, పట్టు" అంది.

ఇద్దరూ ఒక్క ఊపున ఎత్తారు. మిషను తలల పైకి లేచింది! హరిబాబు దాని కింద రెండు చేతులూ చాచి, "అమ్మా, జాగ్రత్తండీ!" అంటూ అటూ ఇటూ తిరిగాడు. వీరవేణికి సంతోషంతో నవ్వాగలేదు.

"మరి వరదొచ్చినప్పుడు మీరు తునిలో ఉంటేనో, అత్తయ్యా?"

"ఇకనించి వరదల రోజులన్నీ పోయి వినాయక చవితి దాటేదాకా నేను గుమ్మం కదలను. చూడాలనుంటే కూతురే వస్తుంది. ముందు దీన్ని దించవే, చేతులు పడిపోతున్నాయి!"