ఆగమన్న మాట

మా ఇంట్లో ఎవరికి ఏ పని చెప్పినా విన్నవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. తలూపితే కుదరదు. "ఠీక్ హై" అంటే అసలే కుదరదు. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల స్టేషన్ మాస్టరుగా పనిచేసినంత కాలం, ఏ బండికి గేటు మూశాడో గేట్‌మన్ ఫోన్లో తన నోటితో చెప్పేదాకా నేను సిగ్నల్ ఇచ్చి ఎరగను. ఆ అలవాటు నాతోపాటే డ్యూటీ దిగి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా క్వార్టర్‌కి వచ్చేసింది.

మా అమ్మాయిని గోల్‌బజార్ పంపేటప్పుడు "ఏటి తేవాలి?" అని గుమ్మంలో ఆపేవాణ్ని. చేప, కొత్తిమీర, ఇడ్లీ రవ్వ అని అప్పజెప్పాకే సైకిలు కదలాలి. నాకూ మినహాయింపు లేదు. "రేపు బళ్లో మీటింగు, నువ్వు రావాల" అని అదంటే, ఆ ముక్క నేనూ తిరిగి చెప్పాల్సిందే. లేకపోతే దారి వదిలేది కాదు.

పక్క క్వార్టరాయన ఇదంతా చూసి నవ్వేవాడు. "ఏటి గురూ, కూతురికి పాఠం అప్పజెప్తన్నావా?"

"అప్పజెప్తాను. నీకేటి నొప్పి?" అనేవాణ్ని. మాట అందిందా లేదా అన్నచోట చిన్నేమిటి, పెద్దేమిటి?

ఆ పిల్ల ఇప్పుడు విమానాశ్రయం టవర్‌లో కూర్చుని పైలట్లకు దారి చెప్పే కంట్రోలర్. అక్కడ ఒంటరిగా మైకు పట్టాలంటే ముందు పరీక్ష నెగ్గాలి. అసలు విమానాలతోనే, వెనక కుర్చీలో పెద్దాఫీసరు కూర్చుని చూస్తుండగా. మొదటిసారి మా అమ్మాయిని వెనక్కి పంపేశారు. కారణం మా ఇంటి అలవాటే. అందరి చేతా అన్నీ తిరిగి చెప్పిస్తోందట, రేడియో ఖాళీ ఉంచడం లేదట. చివరికి గాలి ఎటు వీస్తోందో చెప్పినా అప్పజెప్పమనేదట. రెండోసారీ పోతే ఇక మైకు లేదు, ఆఫీసులో కాగితాల పనే.

సెలవులో ఇంటికొచ్చి ముఖం వేలాడేసుకుని కూర్చుంది. మా ఆవిడ నామీద విరుచుకుపడింది. "మీ జబ్బు పిల్లకి అంటించీసినారు. ఇప్పుడేటి సేస్తారో సెయ్యండి."

నాకు ఒళ్లు మండింది. మండినా అమ్మాయితో మెల్లగానే అన్నాను. "గాలి మాట వదిలీ తల్లీ. ఆగమన్న మాట మాత్రం వదలకు. అవతల ఎంత పెద్ద పైలట్ అయినా సరే."

"గాలి మాట వదిలీస్తాను. ఆగమన్న మాట వదలను," అంది. నేను అడక్కుండానే.

రెండో పరీక్ష రోజు ఇంట్లో కాలు నిలవక గోల్‌బజార్ వెళ్లాను. చేపలావిడ దగ్గర ఉండగా అమ్మాయి ఫోన్ చేసింది. ఫలితం చెప్పకుండా కథ మొదలెట్టింది మహాతల్లి.

ఒక విమానం దిగడానికి వచ్చేస్తోంది. ఇంకొకటి రన్‌వే వైపు నడుస్తోంది. రన్‌వే ఎక్కకముందు నేలమీద ఒక గీత ఉంటుంది, ఆ గీత ముందు ఆగమని దానికి చెప్పింది. పైలట్ సీనియరు, "సరే" అని ఊరుకున్నాడు. విమానం కదులుతూనే ఉంది. ఆగుతున్నానని తిరిగి చెప్పమంది. "సరే అన్నానుగా" అని విసుక్కున్నాడు. వెనక కుర్చీ కిర్రుమంది. ఇదే తప్పుకు ఒకసారి ఇంటికొచ్చిన పిల్ల అది. అయినా మూడోసారి అడిగింది. అప్పుడు చెప్పాడు, గీత ముందు ఆగుతున్నానని. చెప్పాడు, ఆగాడు. దిగే విమానం దాని ముందునుంచి దిగి వెళ్లిపోయింది. అడగకపోయినా ఆగేవాడేమో, ఎవరికి తెలుసు? తెలియనప్పుడు అడగడానికే కదా దాన్ని అక్కడ కూర్చోబెట్టింది.

"అది సరే, పరీక్ష ఏటయింది?" అన్నాను.

"పాసయినాను నాన్నా. ఆ మూడోసారి అడిగినందుకే పాస్ సేసినామని ఆఫీసరుగారే సెప్పినారు. రేపట్నుంచి మైకు నాదే."

ఛాతీ నిండిపోయింది. ఏదో పెద్ద మాట చెబుదామనుకున్నాను. "ఠీక్ హై" అని మాత్రం వచ్చింది.

మా అమ్మాయి వదల్లేదు.

"అలా కాదు నాన్నా. తిరిగి సెప్పు."

కళ్లు తుడుచుకుని అప్పజెప్పాను. "మా అమ్మాయి పాసయింది. రేపట్నుంచి మైకు దానిదే."

గట్టిగానే చెప్పినట్టున్నాను. చేపలావిడ తూకం ఆపి నన్నే చూస్తోంది.