ముందు యాడుండావో అడుగు: మా కామాక్షి మేడం

మా కామాక్షి మేడం పరమపదించారన్న కబురు బుధవారం పొద్దున ప్రొద్దుటూరు కూరగాయల మార్కెట్లో నాకు అందింది. ఫోను చేసింది బట్టలంగడి రంగయ్య శెట్టిగారు. "పాపా, మేడం పోయిందంట" అన్నాడు. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే కడప ఆస్పత్రిలో ఆమెను చూసి వచ్చాను. ముక్కుకు గొట్టం పెట్టుకుని కూడా, పక్కనున్న యంత్రం కూత పెడితే "ఏందమ్మా, అది అట్ల అరుస్తాండాది, చివరి వరుస చదివినావా?" అని నర్సును దబాయించిన మనిషి తెల్లారేసరికి లేకుండా పోవడమేమిటి? చేతిలోని వంకాయలు బుట్టలో పడేసి నడిబజారులో నిలబడి ఏడ్చాను.

ఆ సాయంత్రం నేను బయల్దేరుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని అన్న మాట ఒకటుంది. "ఆదివారం క్లాసు ఆపొద్దు పాపా. నువ్వే చెప్పు. ఆపినావంటే శెట్టి మూటలు ఎక్కిస్తాడు." అది హాస్యానికి అన్నదే అయినా వట్టి హాస్యం కాదు. మా క్లాసు జరిగేది శెట్టిగారి అంగడి మేడమీది గదిలో. గది ఇచ్చిన రోజునే ఆయన మేడంతో ఒక ఒడంబడిక చేసుకున్నాడు. "క్లాసు జరిగినన్ని దినాలు గది నీదే మేడం. ఆగిన రోజు మాత్రం నా బట్టల మూటలు పెట్టుకుంటా." మేడం పక్కన సహాయకురాలిగా నిలబడడమే తప్ప, నా అంతట నేను ఎన్నడూ పాఠం చెప్పి ఎరుగను. ఆ గది నిలుస్తుందా, మూటల పాలవుతుందా అన్నది నా నోటి మీద ఆధారపడింది. ఆ భయంతోనే నాకు ఆ నాలుగు రోజులూ గడిచాయి.

ఆమెను ఎరగనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. జమ్మలమడుగులో వేదపఠనం మారుమోగే పురోహితుల ఇంట పుట్టి, ప్రొద్దుటూరులో గణితాధ్యాపకురాలిగా తరతరాల విద్యార్థులకు త్రికోణమితి నూరిపోసిన విదుషీమణి ఆమె. పదవీ విరమణ నాడు "ఇంక ఇంట్లో కూర్చోని వత్తులు చేసుకోమ్మా" అని బంధువులు హితబోధ చేశారట. "వత్తులు చేతులు చేస్తాయి, అంతసేపూ తలకాయ ఏం చేయాల?" అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నకు జవాబుగా తానే పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంది. నేర్చుకున్నది కడుపులో దాచుకునే స్వభావం కాదు గనుక గురువారం పులివెందులలో, శనివారం జమ్మలమడుగులో, ఆదివారం ప్రొద్దుటూరులో ఉచితంగా తరగతులు పెట్టింది. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు, తుమ్మలపల్లె గనిలో పనిచేసేవారి పిల్లలు, అంగళ్ల గుమాస్తాలు, డిగ్రీ ఆడపిల్లలు అందరూ ఆమె శిష్యకోటిలో ఉన్నారు.

ఆమె పాఠం చెప్పేది నోట్‌బుక్‌లో. అది కాగితాల పుస్తకం కాదు. తెరమీద గడులు గడులుగా రాసుకుంటూ, ఒక్కో గడినీ నడిపి, ఫలితం దాని కిందనే చూసుకునే ఏర్పాటు. మాడ్యూల్ అంటే ఎవరో నేర్పరి ముందే సిద్ధం చేసిపెట్టిన పనిముట్ల సంచి. పటాలు గీయడానికొకటి, పట్టికలు సర్దడానికొకటి. "ఇంపోర్ట్" అని పిలిస్తే ఆ సంచి వచ్చి మన ముందు కూర్చోవాలి. కొత్తవాళ్లు పిలిస్తే అది రాదు. "అట్లాంటి మాడ్యూలే లేదు" అని ఎర్రటి అక్షరాలు గజం పొడవున దిగుతాయి. ఇప్పుడే ఎక్కించాను గదా అని పిల్లలు లబోదిబోమంటారు. మేడం జీవితంలోని ఉత్తరార్ధమంతా ఈ లబోదిబోలను ఆర్పడానికే అంకితమైంది. అందులో ఆమె పొందిన ఆనందం ఇంకెందులోనూ పొంది ఉండదని నేను ఘంటాపథంగా చెప్పగలను.

ఆ తప్పు సాధారణంగా ఎక్కడుంటుందో ఆమె చెప్పే తీరు నా చెవుల్లో ఇంకా గింగురుమంటోంది. ఒకే కంప్యూటర్‌లో పైథాన్‌లు రెండు మూడు ఉండొచ్చు. మనం సంచి ఒకదాంట్లో దించుతాం, నోట్‌బుక్ ఇంకొకదాంతో నడుస్తుంటుంది. "రంగయ్యన్నకు ఈడొక అంగడి, జమ్మలమడుగులో ఒక అంగడి. రెండిటికీ ఒకటే బోర్డు. నువ్వు చీరల మూట ఆడ దించి, ఈడికొచ్చి చీర యాడ అని గుమాస్తా మీద అరుస్తాండావు. గుమాస్తా ఏం చేస్తాడప్పా? ముందు నువ్వు ఏ అంగట్లో నిలబడుండావో చూసుకో!" కింద బట్ట కొలుస్తున్న శెట్టిగారు తన పేరు వినబడిన ప్రతిసారీ మెట్ల దగ్గరికి వచ్చి "ఏంది మేడం, పిలిచినావా?" అనేవాడు.

అందుకే ఆమె క్లాసులో ఒక ఆచారం ఉండేది. ఎవరికి ఎర్రర్ వచ్చినా కీబోర్డు మీద చెయ్యి వేయకూడదు. మొదట ఎర్రటి అక్షరాల్లో చివరి వరుస పైకి చదవాలి. తర్వాత గదిలో ఉన్నవాళ్లంతా ఒక్క గొంతుతో యంత్రాన్ని "యాడుండావప్పా?" అని అడగాలి. అప్పుడే ఆ నోట్‌బుక్ ఏ పైథాన్‌తో నడుస్తోందో చెప్పే చిన్న ఆదేశం కొట్టాలి. మేము కేకపెడితే కింద బజ్జీలేసే ఆమె గరిటె ఆపి పైకి చూసేది. మొదట్లో నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. చిన్నపిల్లల ఆటలాగ ఉంది మేడం అంటే, "గట్టిగా అడిగితేనే నీ చెవికి ఎక్కుతాది. మిషన్‌కు చెవుల్లేవు, ఆ కేక నీకోసరం" అంది. ఆ మాటలోని లోతు నాకు చాలాకాలానికి గానీ బోధపడలేదు.

రాఘవ అని శెట్టిగారి అబ్బాయి మా సహాధ్యాయి. వాడి నోట్‌బుక్‌లో అన్నీ ఒకేసారి నడిపితే ఏ మాడ్యూలూ వచ్చేది కాదు. మేడం వచ్చి చూస్తే మొట్టమొదటి గడిలో తెలుగులో "శ్రీ" అని ఉంది. అంగట్లో ఏ కొత్త పుస్తకం తెరిచినా మొదట శ్రీ రాయడం వాళ్ల వంశాచారం. నోట్‌బుక్ కూడా పుస్తకమే గదా అని భక్తిగా రాశాడు. శ్రీ అంటే ఏమిటో పైథాన్‌కు తెలియక మొదటి గడిలోనే ఆగిపోయింది, కింది గడుల్లోని ఇంపోర్ట్‌ల దాకా రానేలేదు. ఇంకెవరైనా అయితే తుడిచేయమనేవారు. మేడం మాత్రం "తుడవద్దు నాయనా, దాని ముందర హ్యాష్ గుర్తు పెట్టు. ఆ గుర్తు ఉంటే పైథాన్ ఆ వరుస చదవదు. దేవుడు చదువుకుంటాడు" అంది. ఆ రోజు నుంచి మా క్లాసులో అందరి నోట్‌బుక్‌లకూ మొదటి వరుస హ్యాష్ పెట్టిన శ్రీనే. డిగ్రీ చదివే షాహీన మాత్రం అదే హ్యాష్ పెట్టి బిస్మిల్లా రాసుకునేది. మేడం రెండిటినీ ఒకే మురిపెంతో చూసేది.

పులివెందుల క్లాసులో ఓబులేసు అనే కుర్రవాడి కథ ఇంకా తమాషా. పట్టికల మాడ్యూల్ పేరు పాండాస్. ఓబులేసు తన సొంత ఫైలుకు కూడా అదే పేరు పెట్టుకున్నాడు. ఇంపోర్ట్ అంటే వాడి ఫైలే వచ్చి కూర్చుంటోంది, అందులో ఏ పనిముట్టూ లేదు. మేడం వాణ్ణి నిలబెట్టి, "మీ జేజినాయన పేరేంది?" అని వాళ్ల తాత పేరు అడిగింది. "ఓబులేసే మేడం." "మీ ఇంట్లో ఓబులేసూ అని కేకేస్తే ఎవురు పలుకుతారు?" "నేనే మేడం. జేజినాయన తోటకాడ ఉంటాడు." "అదే కథ. పైథాన్ ముందు ఇంట్లో ఎతుకుతాది, దొరక్కపోతేనే తోటకు పోతాది. నీ ఫైలుకు పేరు మార్చు, పెద్దాయన వస్తాడు." క్లాసంతా విరగబడి నవ్వింది. ఓబులేసు ఫైలు పేరు మార్చి, కెర్నెల్‌ను, అంటే నోట్‌బుక్ వెనక నడిచే ఇంజనును, ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. పాండాస్ వచ్చింది. ఇప్పటికీ వాణ్ణి అందరూ చిన్న పాండాస్ అనే పిలుస్తారు.

ఆమెకు కోపం లేదని రాస్తే పైనుంచి ఆమే నన్ను తిడుతుంది. ముక్కుమీదే ఉండేది కోపం. మూడు ఊర్ల క్లాసులకు తన ల్యాప్‌టాప్‌లో మూడు పైథాన్‌లు విడివిడిగా పెట్టుకుని, వాటికి ఆ ఊర్ల పేర్లే పెట్టింది. ఒక శనివారం గండికోట పటం గీయడానికి కొత్త మాడ్యూల్‌ను జమ్మలమడుగు పైథాన్‌లో దించింది. మర్నాడు మా దగ్గరికొచ్చి ప్రొద్దుటూరు పైథాన్ తెరిచి పిలిస్తే అది రాలేదు. ఇంటర్నెట్‌ను తిట్టింది, కరెంటువాళ్లను తిట్టింది, ప్రొజెక్టర్ తీగ కదిపావని నన్ను తిట్టింది. వెనక నుంచి షాహీన మెల్లగా, "మేడం, మీరు యాడుండారో అడగనే లేదు" అంది. మేడం ఒక్క క్షణం తెరకేసి చూసి, కుర్చీలో కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. వెంటనే కింది నుంచి అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెప్పించి శాసనం చేసింది. "తప్పు అంగట్లో నిలబడినోళ్లు క్లాసుకంతా ఉగ్గాని తినిపియ్యాల. అది నేనైనా సరే." ఆమె నిజాయితీని ఇంతకన్నా రుచిగా ఎవరూ వర్ణించలేరు.

చివరి గురువారం ఆమె పులివెందులలో పాఠం ముగించి బస్సెక్కబోతూ ఆయాసంతో కూలిపోయింది. అక్కడి నుంచి కడప. మధ్యలో వచ్చిన ఆదివారం శెట్టిగారితో సహా అందరం ఆస్పత్రి వరండాలోనే ఉన్నాం గనుక, ఆయన దాన్ని ఆగిన క్లాసుగా లెక్కవేయలేదు. అక్కడి నుంచి ఇక మాకు అందనంత దూరం. అంత్యక్రియల తర్వాత ఆమె తమ్ముడు ల్యాప్‌టాప్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది మా అక్కది కాదమ్మా, మీ క్లాసుది" అన్నాడు.

ఆదివారం నేను మేడ ఎక్కేసరికి గది మూలన రెండు బట్టల మూటలు అప్పటికే ఉన్నాయి. శెట్టిగారు తలుపు దగ్గర నిలబడ్డాడు. "పదకొండో దినం దాకా ఆగుదువు పాపా. అయినా ఆయమ్మ లేకుండా క్లాసు యాడ జరుగుతాది?" అన్నాడు. దురాశతో అన్న మాట కాదు అది, ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ల్యాప్‌టాప్‌ను మేడం వదిలిపెట్టినట్టే ఉంచి, మా ప్రొద్దుటూరు పాఠం తెరిచి, మొదటి ఇంపోర్ట్ నడిపాను. ఎర్రటి అక్షరాలు బారెడు దిగాయి. నేర్చుకున్నదంతా ఒక్క దెబ్బకు ఎగిరిపోయింది. శెట్టిగారు మూటల వైపు చూడడం నాకు కనిపించింది.

అప్పుడు షాహీన లేచి నిలబడి చివరి వరుస పైకి చదివింది. ఎవరూ చెప్పకుండానే గది మొత్తం, బజ్జీలామె గరిటె ఆగేంత గట్టిగా, అడిగింది: "యాడుండావప్పా?"

ఆదేశం కొట్టాను. ఆ పైథాన్ ఉన్న చోటికి దారి తెరమీద పడింది. రాఘవ ఒక్కొక్క మాటే చదివాడు. "హోమ్... కామాక్షి... పులివెందుల... పైథాన్."

వెనక బెంచీ నుంచి ఎవరో, "మేడం ఇంగా పులివెందులలోనే ఉండాది!" అన్నారు. అంతే. నవ్వు మొదలైంది. ఏడుస్తూ నవ్వాం, నవ్వుతూ ఏడ్చాం. నేను కెర్నెల్‌ను ప్రొద్దుటూరుకు మార్చి మళ్లీ నడిపాను. పిలిచిన మాడ్యూల్ బుద్ధిగా వచ్చి కూర్చుంది. "తప్పు అంగట్లో నిలబడింది మేడమే గదా, ఉగ్గాని మేడం వంతు" అంది షాహీన. శెట్టిగారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "మేడం తరపున నేను తెప్పిస్తా" అన్నాడు. ఉగ్గాని పైకి వచ్చేలోపు రాఘవ చేత ఆ రెండు మూటలూ కిందికి మోయించాడు. ఆ తర్వాత తానే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

ఆ మహనీయురాలి గొంతు, ఆ కోపం, ఆ నవ్వు మళ్లీ ఏ గదిలోనూ వినబడవు. ఆ లోటు తీరేది కాదు, తీరుతుందని నటించను. ల్యాప్‌టాప్‌లో ఆమె పేరు మార్చమని కొందరు సలహా ఇచ్చారు. మార్చను. ప్రతి ఆదివారం ఎర్రర్ వచ్చినా రాకపోయినా, పాఠానికి ముందు ఆ ప్రశ్న ఒకసారి అడుగుతున్నాం. జవాబులో ఆమె పేరు వస్తుంది. మేమంతా లేచి నిలబడి దండం పెట్టుకుని, పాఠం మొదలుపెడతాం.