చీటీని నమ్మొద్దన్న మా సార్

సార్ పోయారన్న కబురు కార్డుల షాపు భాయ్ చెప్పాడు. "తమ్మీ, సార్ పోయిండ్రు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నరంట, గట్లనే..." అని ఫోన్ పెట్టేశాడు. హైదరాబాదు కార్వాన్‌లో పెళ్లికార్డులు వేసే ఆ భాయ్ మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం నేను ఎన్నడూ ఎరగను.

మీలో చాలామందికి సార్ తెలియదు. ఏ పేపరూ ఆయన గురించి రాయదు. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. కోస్తా నుంచి గవర్నమెంటు కొలువుకి వచ్చి, రిటైరయ్యాక ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల గోదాము మీది గదిలో రెండు పాత కంప్యూటర్లు పెట్టుకుని, మాలాంటివాళ్లకు ప్రోగ్రాములు రాయడం నేర్పారు. మేం రాసినదాన్ని ఉత్తరం చదివినట్టు పైకి చదివేవారు. తప్పు దగ్గరికి రాగానే కళ్లజోడు తీసి ఊరుకునేవారు. అదేమిటో మేమే వెతుక్కోవాలి.

నేను సంచీ నిండా కరపత్రాలతో ఆయన దగ్గర చేరినవాణ్ని. సాఫ్ట్‌వేర్ అందరిదీ కావాలి, ఎవరైనా విప్పి చూసుకునేలా ఉండాలి అని నేను బల్ల గుద్దితే, "బాగుందోయ్. మరి నువ్వు విప్పి చూశావా?" అనేవారు. నేను చూడలేదు.

ఆ ఊపులోనే భాయ్ షాపులో కొనకుండా వాడుతున్న దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ తీసేయించి, కార్డుల బొమ్మలు చూసుకునే ప్రోగ్రాం నేనే రాసిచ్చాను. బొమ్మ ఫైలును చదివే పని మాత్రం ఎక్కడివాడో ఒకాయన రాసి ఉచితంగా పంచిన లైబ్రరీకి, అంటే రెడీమేడ్ కోడ్‌కి, అప్పగించాను.

బొమ్మ ఫైలు లోపల నాలుగు మాటలు రాసుకునే చోటు ఒకటి ఉంటుంది. తర్వాత వెతికితే దొరకాలని భాయ్ అందులో పెళ్లివారి పేర్లు కొట్టిపెట్టేవాడు. ఒకసారి ధూల్‌పేట్ నుంచి పెద్ద కుటుంబం వచ్చింది. ఒక్క మేనమామ పేరు తప్పినా అలకే. భాయ్ అందరినీ అందులోకి ఎక్కించాడు. ఆ ఫైలు తెరవగానే ప్రోగ్రాం కూలిపోయింది.

"ఏంది తమ్మీ, గిదేనా నీ అందరి సాఫ్ట్‌వేర్? మేనమామలు ఎక్కువైతె సస్తదా? షాదీల సీజన్ల మస్తు లొల్లి పెట్టినవ్! రేపటిదాంక సూస్త, తర్వాత పాతదే పెట్టుకుంట."

తల కొట్టేసినట్టయింది. సార్ గదిలో కూర్చుని మొదటిసారి ఆ లైబ్రరీని విప్పి చూశాను. పేర్ల కోసం అది కొద్దిపాటి చోటే ఉంచింది. ఎన్ని అక్షరాలు దింపుకోవాలో మాత్రం ఫైలునే అడుగుతోంది. ఫైలు ఎంతంటే అంతా పోసేస్తోంది. పొర్లినది పక్కనున్న మెమరీ మీద పడుతోంది. ఈ పని అయ్యాక ఎటు వెళ్లాలో ప్రోగ్రాం గుర్తు పెట్టుకునే చోటు కూడా ఆ పక్కనే ఉంది.

సార్ కళ్లజోడు తీశారు. "మేనమామలు పడ్డారు కనక కూలింది. తెలిసినవాడెవడైనా ఫైల్లో తన ఆజ్ఞలు పేర్చి పోస్తే? అప్పుడు కూలదు. వాడు చెప్పినట్టు వింటుంది." నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు. కింద హమాలీలు, తూకం రాసిన చీటీ కట్టి వచ్చిన బస్తాలను మళ్లీ కాంటా మీదికి ఎక్కిస్తున్నారు.

"తూకం చీటీలో ఉందిగా, మళ్లీ ఎందుకు?" అని నన్నడిగారు.

"చీటీ రాసింది పంపినోడు గద సార్."

"ఫైలు తన గురించి తాను చెప్పుకునేదీ చీటీయే. కాంటా మనది."

నాకు ఒళ్లు మండింది. నన్ను నమ్మించి మోసం చేసినట్టే అనిపించింది. ఆ లైబ్రరీ రాసినవాణ్ని దుమ్మెత్తిపోస్తూ రెండు పేజీలు రాశాను. దానికి తోడు, తెరిచినవాడి కంప్యూటర్‌ని లొంగదీసే బొమ్మ ఫైలు ఒకటి తయారుచేశాను. రెండూ కలిపి ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెడతానన్నాను.

"పెట్టు. ఆ బొమ్మ ముందుగా ఎవడి షాపులో తెరుచుకుంటుంది? ఊళ్లోవాళ్లిచ్చిన బొమ్మలు పొద్దస్తమానం తెరిచేది ఎవడు?"

"అంటే, తప్పు చేసినోణ్ని ఏమనొద్దా సార్?" అని అరిచి దిగి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే సార్ కార్వాన్‌లో మా ఇంటి మెట్లమీద ఆయాసపడుతూ కూర్చుని ఉన్నారు. "కోపం దిగిందా? దిగకపోతే కోపంతోనే రావోయ్. ఎవణ్ని తిడుతున్నావో వాడూ నీలాగే జీతం లేకుండా రాసినవాడు. తప్పు చూపినవాడు ఎలా దిద్దాలో కూడా చూపాలి."

వెళ్లాను. దిద్దుబాటు రెండే వరుసల కోడ్: ముందు కొలిచి చూడు, పట్టినంతే తీసుకుని మిగతాది వదిలెయ్. సార్ నాలుగు వాక్యాల మర్యాదైన ఉత్తరం రాసి, ఆ వరుసలను కలిపి లైబ్రరీ రాసినాయన ఒక్కరికే పంపించారు. నా బొమ్మను నాచేతనే చెరిపించారు. దిద్దిన ప్రోగ్రాం ఆ సాయంత్రమే షాపుకి చేరింది. మేనమామలందరితో సహా బొమ్మ తెరుచుకుంది. "ఉండనియ్ తీ, గిదే," అన్నాడు భాయ్.

ఆ ఉత్తరానికి జవాబు వారం తిరక్కముందే వచ్చింది, కొత్త లైబ్రరీతో సహా. సార్ దాన్ని తెరిపించారు. మా రెండు వరుసలూ ఉన్నాయి. వాటి కింద, మేం చూడనైనా చూడని మరో మూడు చోట్ల, వేరే పేరుతో ఇంకెవరో అలాగే కొలత పెట్టారు.

"ఎవరోయ్ ఈయన?"

"తెల్వదు సార్."

"మనకి తెలియనివాడు మన పని అందుకున్నాడు," అన్నారు సార్, గొంతు తగ్గించి. తర్వాత పైకి చదవడం మొదలుపెట్టారు. దుమ్ము పట్టిన మానిటర్ అద్దం మీద ఆయన వేలు ఒక్కో వరుసా కిందికి దిగుతోంది. వేలు జరిగిన మేరా అక్షరాలు తేటపడుతున్నాయి.