చెయ్యెత్తని సిపాయి

మా పెద్దబావ, అంటే అక్క మొగుడు, సిపాయి. శాంతి సేనతో కాంగో వెళ్ళి, అక్కడ చాలా నెలలు ఉండి కోదాడ తిరిగొచ్చాడు. అరుగు మీద నలుగురు చేరితే చాలు, శాంతి సేన వాళ్ళిచ్చిన నీలం టోపీ సర్దుకుని అదే మాట చెప్పేవాడు.

"రాళ్ళేసినా సరే, చెయ్యెత్తొద్దని ఆర్డర్. ఎత్తలే!"

అక్కడి బతుకు తేలికేం కాదట. డబ్బా కూడు తినలేక కారానికి మొహం వాచిపోయాడట. మలేరియాతో వణికాడట. ఏ తెలుగువాడి దగ్గరో ఆవకాయ దొరికిన రోజు పండగట. జనం తిట్టినా, ఉమ్మేసినా రాయిలా నిలబడ్డాడట. అందరూ చుట్ట ఆర్పేసి మరీ వినేవాళ్ళు. అక్క దగ్గరే ఉంటూ, లోపల ఆమె పక్కన కూర్చుని వినే నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. ఆ ఓర్పు ఏనాడూ గడప దాటి ఇంట్లోకి రాలేదు.

ఒక మధ్యాహ్నం పప్పులో ఉప్పు ఎక్కువైందని కంచం విసిరి, నా ముందే అక్క చెంప పగలగొట్టాడు. అక్క ఏడవలేదు. చీర మీద మెతుకులు దులుపుకుంటూ నెమ్మదిగా అడిగింది.

"పరాయి దేశపోళ్ళ కొట్లాట ఆపొచ్చినవ్. మన ఇంట్ల కొట్లాట ఆపనీకి ఏ దేశపు సిపాయిని పిలవాలె?"

అక్క బట్టలు పెట్టెలో సర్దుకుని, "నడువ్ చెల్లె, మిర్యాలగూడ మనింటికి పోదం" అంది.

వాకిట్లో ఇరుగుపొరుగు చేరడం చూసి బావ గబగబా వచ్చి పెట్టె అందుకున్నాడు. పెళ్ళాన్ని ముద్దుగా పుట్టింటికి సాగనంపుతున్నట్టు, నవ్వుకుంటూ బస్సు దాకా తానే మోశాడు. బస్సు కదిలాక చెయ్యి కూడా ఊపాడు.

అక్క అటు చూడలేదు. మళ్ళీ కోదాడ పోలేదు.